దూరప్రయాణపు సైకిలుకు పిండిపదార్థాలు అవసరమా?

"అన్నం మానితే చాలు, ఆరోగ్యం దానంతట అదే వస్తుంది" అనే మాట ఈ మధ్యకాలంలో మన ఇండ్లలో తరచుగా వినబడుతున్నది. 2017, 2018 సంవత్సరాలలో వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన ఆహారవిధానం ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ మారుమూల పల్లెల దాకా పాకినది. అన్నము, రొట్టె, పండ్లు, బెల్లము, పంచదార పూర్తిగా విడిచిపెట్టి, రోజుకు 70 నుండి 100 గ్రాముల కొబ్బరినూనె వంటి కొవ్వులు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు పుచ్చుకోవడం దాని సారాంశం. ఆ పద్ధతిని యథాతథంగా పాటించేవారు నేడు తగ్గి ఉండవచ్చును గాని, అన్నం పట్ల అది కలిగించిన భయం మాత్రం చాలా ఇండ్లలో నిలిచిపోయినది.

మరొకవైపు మనవారు మళ్ళీ సైకిలెక్కుతున్నారు. 2020లో కరోనా కారణంగా బస్సులు, వ్యాయామశాలలు మూతపడిన నాటినుండి ఈ ఉత్సాహం పెరిగినది. 2023 అక్టోబరులో హైదరాబాదు బాహ్య వలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌర ఫలకాల కప్పుతో సైకిలు బాట తెరువబడినది. హైదరాబాద్ రాండనర్స్ వంటి సంఘాలు పారిస్ నగరపు అడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు జరుపుతున్నాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలోను, 600 కిలోమీటర్లను 40 గంటలలోను ముగించాలి. వీటన్నింటికీ పెద్దదిక్కు 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్ర. అది సుమారు 1200 కిలోమీటర్లు. గరిష్ఠ గడువు 90 గంటలు.

మా టేకుమట్ల 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రమైనది. ఇక్కడ సైకిలు ఏనాడూ క్రీడా వస్తువు కాదు. పాలక్యాన్లు మోసినది, కల్లులొట్లు మోసినది, పిల్లలను బడికి చేర్చినది అదే. ఇప్పుడు ఈ ప్రాంతంలోనూ ఎవరైనా కాళేశ్వరానికో మేడారానికో సైకిలు మీద వెళ్ళి వద్దామనుకుంటే రానూపోనూ నూరు కిలోమీటర్లు దాటుతుంది. అన్నం మానిన అలవాటు, దూరం తొక్కే అలవాటు ఒకే మనిషిలో కలిసినప్పుడు పుట్టే ప్రశ్నయే ఈ వ్యాసానికి విషయం. దూరప్రయాణం చేసే సైకిలు చోదకునికి పిండిపదార్థాలు అవసరమా, కాదా?

ఇది కేవలం పందెంలో గెలుపోటముల ప్రశ్న కాదు. మధుమేహానికి మాత్రలు వేసుకుంటూ, రాత్రి అన్నం మాని, తెల్లవారుజామున పరగడుపున బయలుదేరి, దారిపొడవునా ఉత్త నీళ్ళు మాత్రమే తాగే నడివయసు మనిషిని ఊహించుకోండి. ఊరికి దూరాన, ఎండలో, లారీలు తిరిగే రహదారిపై అతనికి కళ్ళు తిరిగితే కలిగే ప్రమాదం చిన్నది కాదు. కనుక ఈ విషయాన్ని ఇంటిల్లిపాదీ తెలుసుకొని ఉండటం మంచిదని నా అభిప్రాయం.

శరీరంలోని రెండు ఇంధనాలు

పొయ్యి వెలిగించే ప్రతి ఇల్లాలికీ తెలిసిన విషయమొకటి ఉన్నది. మొద్దుకట్టె చాలాసేపు మండుతుంది, కాని మంట నెమ్మది. ఎండుపుల్లలు గుప్పున మండుతాయి, కాని త్వరగా అయిపోతాయి. అన్నం ఉడకాలంటే రెండూ కావాలి. మన శరీరంలో కొవ్వు మొద్దుకట్టె వంటిది, పిండిపదార్థం ఎండుపుల్లల వంటిది.

60 కిలోల బరువున్న సన్నని మనిషిలో సైతం సుమారు 9 కిలోల కొవ్వు ఉంటుంది. దానిలోని శక్తి దాదాపు 70,000 క్యాలరీలు. లెక్క ప్రకారం అది అనేక దినాల ప్రయాణానికి సరిపోవాలి. పిండిపదార్థం నిల్వ మాత్రం చాలా స్వల్పం. మనం తిన్న అన్నం, రొట్టె జీర్ణమై గ్లూకోజుగా మారి, అందులో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కండరాలలోను, కాలేయంలోను నిలువ ఉంటుంది. కండరాలలో సుమారు 300 నుండి 500 గ్రాములు, కాలేయంలో 80 నుండి 100 గ్రాములు. మొత్తం మీద ఇది రెండువేల క్యాలరీలకు అటూఇటూగా ఉంటుంది.

కండరంలోని గ్లైకోజెన్ ఆ కండరానికే ఉపయోగపడుతుంది. రక్తంలోని గ్లూకోజును నిలబెట్టవలసిన బాధ్యత కాలేయానిది. మెదడు సామాన్య పరిస్థితులలో ఆ గ్లూకోజు మీదనే ఆధారపడుతుంది. రోజుకు సుమారు 120 గ్రాములు వాడుకుంటుంది. రాత్రి మనం నిద్రించే సమయంలోనూ మెదడు ఈ పని మానదు. అందుచేత తెల్లవారేసరికి కాలేయంలోని నిల్వ చాలావరకు తరిగి ఉంటుంది. పరగడుపున దూరప్రయాణానికి బయలుదేరడమంటే సగం ఖాళీ అయిన గాదెతో సంవత్సరం గడపబూనడం వంటిది.

ఇక కొవ్వు అంత సమృద్ధిగా ఉండగా దానితోనే ఎందుకు తొక్కలేము? కొవ్వు నుండి శక్తి వెలువడే వేగం తక్కువ. పైగా అదే పరిమాణంలో ప్రాణవాయువు ఖర్చు చేసినప్పుడు పిండిపదార్థం కొవ్వు కంటే సుమారు 7 శాతం అధికంగా శక్తినిస్తుంది. సమతలంపై మెల్లగా సాగుతున్నంతసేపు కొవ్వు పెద్ద వాటా భరిస్తుంది. ఎత్తు ఎక్కవలసి వచ్చినా, ఎదురుగాలి వీచినా, వేగం పెంచినా శరీరం పిండిపదార్థం వైపు మొగ్గుతుంది.

చిన్న లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి మధ్యరకం వేగంతో తొక్కితే గంటకు సుమారు 350 నుండి 400 క్యాలరీలు ఖర్చవుతాయి. నూరు కిలోమీటర్లకు ఆరు గంటలనుకుంటే మొత్తం రెండువేల పైచిలుకు. అందులో సగం పిండిపదార్థం నుండి వచ్చిందనుకున్నా 260 గ్రాములకు తక్కువ కాదు. నిండుగా తిని బయలుదేరిన అలవాటుపడ్డ మనిషికి ఈ దూరం ఎలాగో గడుస్తుంది. తగ్గిన నిల్వతో బయలుదేరిన వానికి చివరి ముప్పై కిలోమీటర్లు నరకమవుతాయి. కాళ్ళు సీసంలా బరువెక్కడం, చేతులు వణకడం, చెమటలు, విసుగు, దారి మీద ధ్యాస తప్పడం అప్పటి లక్షణాలు.

పరీక్షలు ఏమి చెప్పినవి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1939లోనే క్రిస్టెన్‌సెన్, హాన్సెన్ అనే శాస్త్రజ్ఞులు మనుషులచేత కదలని సైకిలు తొక్కించి, పిండిపదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు వారు ఎక్కువసేపు తొక్కగలరని, కొవ్వు ఎక్కువ తిన్నప్పుడు త్వరగా అలసిపోతారని చూపారు.

1966లో స్వీడన్ దేశపు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ తమ మీదనే ఒక పరీక్ష జరుపుకొన్నారు. ఇద్దరూ ఒకే సైకిలుకు చెరొకవైపున కూర్చొని, ఒక్కొక్క కాలితో మాత్రమే అలసిపోయేంతవరకు తొక్కారు. రెండవ కాలికి విశ్రాంతి. తరువాత మూడు దినాలు పిండిపదార్థాలు ఎక్కువగా తిని, సూదితో కండరపు ముక్కలు తీసి చూడగా, పనిచేసిన కాలిలో గ్లైకోజెన్ విశ్రాంతి తీసుకున్న కాలికంటే దాదాపు రెట్టింపు చేరినది. అన్నం ఎక్కడ అవసరమో అక్కడికే చేరుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యమేమి కావాలి?

1967లో వారే మరి ఇద్దరు సహచరులతో కలిసి ఆహారాన్ని మార్చి మార్చి సైకిలు తొక్కించారు. మామూలు మిశ్రమాహారంతో సగటున 114 నిమిషాలు తొక్కినవారు, కొవ్వు, మాంసకృత్తులు మాత్రమే తిన్నప్పుడు 57 నిమిషాలకే ఆగిపోయారు. పిండిపదార్థాలు దండిగా తిన్నప్పుడు 167 నిమిషాలు తొక్కారు. 1986లో కాయిల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో జరిపిన పరీక్షలో, దారిలో ఏమీ పుచ్చుకోని చోదకులు సుమారు 3 గంటలకు అలసిపోగా, మధ్యమధ్య పిండిపదార్థపు ద్రవం తాగినవారు సుమారు 4 గంటలు నిలిచారు.

న్యాయంగా చెప్పాలంటే రెండవ పక్షపు సాక్ష్యం కూడా ఉన్నది. 1983లో ఫిన్నీ అనే వైద్యుడు అయిదుగురు ఆరితేరిన సైకిలు చోదకులకు నాలుగు వారాలపాటు పిండిపదార్థాలు దాదాపు లేని ఆహారం ఇచ్చాడు. మధ్యరకం వేగంలో వారు తొక్కిన సమయం తగ్గలేదు. అంతకుముందు 147 నిమిషాలు, తరువాత 151 నిమిషాలు. అంటే శరీరం కొన్ని వారాలలో కొవ్వును వాడుకోవడానికి అలవాటు పడగలదు. అయితే ఆ పరీక్షలో పాల్గొన్నవారు చాలా కొద్దిమంది. తొక్కినది మధ్యరకం వేగంతో. 2017లో లూయీస్ బర్క్ బృందం ఆస్ట్రేలియాలో మేటి నడక పందెగాండ్రపై జరిపిన పరీక్షలో, కొవ్వుకు అలవాటు పడినవారికి అదే వేగంలో నడవడానికి మరింత ప్రాణవాయువు కావలసి వచ్చినది; పందెపు ఫలితం మెరుగుపడలేదు.

దీనిని బట్టి నేను తేల్చుకొన్నది ఇది. మెల్లగా, ఆగి ఆగి, అలవాటు పడిన మీదట పిండిపదార్థాలు లేకుండా దూరం తొక్కడం అసాధ్యం కాదు. కాని ఎత్తుపల్లాలు, ఎదురుగాలి, గడువు ఉన్న ప్రయాణంలో అది చేజేతులా ఒక కాలు కట్టుకొని నడవడమే. నిన్న అన్నం మాని నేడు నూరు కిలోమీటర్లకు బయలుదేరడం మాత్రం రెండు పక్షాల శాస్త్రజ్ఞులూ సమ్మతించని పని.

ఆయుర్వేదం మాట

చరక సంహిత సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో ద్రవ్యాలను వాటి పనిని బట్టి పదేసి చొప్పున విభజించారు. అందులో శ్రమహరములు, అనగా అలసటను పోగొట్టేవి, ఒక వర్గం. ఆ పది ఇవి: ద్రాక్ష, ఖర్జూరం, సారపప్పు చెట్టు అయిన ప్రియాళం, రేగుపండు, దానిమ్మ, అంజీర, ఫాల్సాపండు, చెరకు, యవలు, అరవై దినాలకు పండే షష్టిక ధాన్యపు బియ్యం. జాబితాను నిదానంగా చూడండి. తీపిపండ్లు, చెరకు, ధాన్యాలు! నేటి పరిభాషలో ఇవి దాదాపు అన్నీ పిండిపదార్థాలే. ప్రాచీనులకు గ్లైకోజెన్ తెలియదు. కాని అలసిన మనిషికి ఏమి పెడితే లేచి కూర్చుంటాడో తెలుసు.

అదే చరకుడు ప్రమేహ కారణాలను చెప్పేటప్పుడు హాయిగా కూర్చోవడం, అతినిద్ర, పెరుగు, పాలు, కొత్తధాన్యం, బెల్లపు వంటకాలు అంటూ వరుసగా పేర్కొన్నాడు. చెరకు ఒకచోట ఔషధం, దాని బెల్లం మరొకచోట రోగకారణం! ఇందులో వైరుధ్యం లేదు. కూర్చున్నవానికి ఏది భారమో, కష్టించేవానికి అది ఆధారం. ఆహారం మంచిదా చెడ్డదా అని విడిగా అడగడం ఆయుర్వేద పద్ధతి కాదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత అని అడగాలి. దినమంతా కుర్చీలో కూర్చొని మూడుపూటలా అన్నం కుప్పగా తినేవానికి దానిని తగ్గించమనడం సముచితమే. ఆ సలహాను ఎనిమిది గంటలు సైకిలు తొక్కేవానికి అంటగట్టడమే పొరపాటు.

అలాగే మన శాస్త్రం కొవ్వును నిందించలేదు. వ్యాయామం చేయదగినవారిని గూర్చి చెబుతూ అష్టాంగ హృదయం బలవంతులను, నెయ్యి మొదలైన స్నిగ్ధాహారం తినేవారిని పేర్కొన్నది. అది కూడా అర్ధశక్తి మేరకే. నుదుట, ముక్కుపైన, చంకలలో చెమట పట్టి, నోరెండి, నోటితో శ్వాస తీయవలసి వస్తే సగం బలం ఖర్చయినట్లు గుర్తు. గ్రీష్మంలో ఇంకా తక్కువ చేయాలి. అతివ్యాయామం వలన దప్పి, క్షయం, శ్వాస, జ్వరం కలుగుతాయని హెచ్చరిక. దూరపు సైకిలు ప్రయాణం అర్ధశక్తిని దాటే పని. అందుకనే దానికి ఆహారపు ఆసరా మరింత అవసరం.

ఎంత దూరానికి ఎంత?

గంట, గంటన్నర లోపు మెల్లగా తొక్కేవారికి దారిలో ఏమీ తిననక్కరలేదు, నీరు చాలు. పాలకేంద్రానికో బడికో వెళ్ళి వచ్చేవారు బెల్లపుముక్కలు నమలడం వలన బరువు పెరగడమే ఫలితం.

రెండు గంటలు దాటిన ప్రయాణంలో గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం పుచ్చుకోవడం మంచిది. ప్రేగులు ఒక్క గ్లూకోజును గంటకు సుమారు 60 గ్రాములకు మించి గ్రహించలేవు. గ్లూకోజుతోబాటు ఫ్రక్టోజు కూడా ఉంటే అది వేరొక ద్వారం గుండా పోతుంది కనుక, అలవాటు చేసుకొన్నవారు అతిదీర్ఘ ప్రయాణాలలో 90 గ్రాముల దాకా తీసుకోగలరు. మన బెల్లం, చెరకురసం, అరటిపండు, ఖర్జూరం ఈ రెండింటినీ సహజంగానే కలిగి ఉన్నాయి.

ఆకలి వేసేంతవరకు ఆగరాదు. మొదటి గంట ముగిసేలోగానే ఆరంభించి, ఇరవై ముప్పై నిమిషాలకొకసారి కొద్దికొద్దిగా తినాలి. ఒక్కసారే కడుపునిండా తింటే జఠరాగ్ని మందగించి వాంతి వస్తుంది.

ఇంట్లో దొరికేవాటిలో పిండిపదార్థం సుమారుగా ఇలా ఉంటుంది:

మధ్యరకం అరటిపండు ఒకటి: 25 గ్రాములు.
బెల్లం నిమ్మకాయంత ముక్క, 25 గ్రాములు: 21 గ్రాములు.
గింజ తీసిన ఖర్జూరాలు నాలుగు: 24 గ్రాములు.
అటుకులు 30 గ్రాములు: 23 గ్రాములు.
జొన్నరొట్టె ఒకటి, 50 గ్రాముల పిండితో: 34 గ్రాములు.
ఉడికిన అన్నం 100 గ్రాములు: 28 గ్రాములు.
పల్లీపట్టి 40 గ్రాములు: 20 గ్రాములు, కొవ్వు అదనం.

వంటింటి ప్రయాణాహారం

పేలపిండి పానకం: తొలి ఏకాదశి నాడు మన ఇండ్లలో చేసే పేలపిండిని ఏటికొకసారి గుర్తుచేసుకొని వదిలేస్తున్నాం. పేలపిండి 30 గ్రాములు, బెల్లం 30 గ్రాములు, అరలీటరు కాచి చల్లార్చిన నీరు, చిటికెడు ఉప్పు, చిటికెడు శొంఠిపొడి, ఒక యాలక్కాయ పొడి తీసుకోండి. బెల్లాన్ని నీటిలో కరిగించి వడగట్టి, మిగిలినవి కలిపి చిలకండి. ఇందులో సుమారు 50 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక గంట ప్రయాణానికి సరిపోతుంది. పేలాలు తేలికగా జీర్ణమవుతాయి. పేలపిండిని ద్రవంలో కలిపి ఇచ్చే తర్పణం ఆయుర్వేదంలో ప్రసిద్ధమే.

నిమ్మ బెల్లపు నీరు: లీటరు నీటికి 50 గ్రాముల బెల్లం, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ రసం. ఉప్పు, తీపి కలిసినప్పుడు ప్రేగులు నీటిని త్వరగా పీల్చుకుంటాయి. అతిసారానికి ఇచ్చే ఓఆర్‌ఎస్ ఈ సూత్రం మీదనే ఆధారపడినది.

మలీద ముద్దలు: సద్దుల బతుకమ్మకు చేసేవే. వేడి జొన్నరొట్టెను నలిపి, బెల్లపు తురుము, కొద్దిగా నెయ్యి, వేయించిన నువ్వులు కలిపి చిన్న ముద్దలు చేయండి. జేబులో పెట్టుకోవడానికి వీలుగా ఆకులోగాని పలుచని కాగితంలోగాని చుట్టండి. నెయ్యి ఎక్కువైతే ప్రయాణంలో కడుపు బరువెక్కుతుంది.

బయలుదేరే ముందు: రెండు మూడు గంటల ముందుగా మెత్తటి అన్నంతో పలుచని మజ్జిగగాని, ఇడ్లీలుగాని, అటుకుల ఉప్మాగాని తినండి. అంత తెల్లవారుజామున లేవలేనివారు బయలుదేరే ముందు ఒక అరటిపండు, నాలుగు ఖర్జూరాలైనా తినాలి. ముందురోజు రాత్రి అన్నం మానరాదు.

ముగిసిన తరువాత: గంట రెండు గంటలలోగా శరీరపు బరువులో కిలోకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం, దానితో పప్పు, పెరుగు లేదా గుడ్డు. 60 కిలోల మనిషికి 200 గ్రాముల ఉడికిన అన్నం, పప్పు, మజ్జిగ దాదాపుగా ఈ లెక్కకు సరిపోతాయి. కాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దనం చేసి వేడినీటి స్నానం చేస్తే ప్రయాణం వలన ప్రకోపించిన వాతం శమిస్తుంది.

మేడారం జాతరలో బెల్లాన్ని బంగారమని పిలిచి, నిలువెత్తు తూచి అమ్మవార్లకు సమర్పిస్తారు. రెండేళ్ళకొకసారి అంత దూరాలనుండి వచ్చే జనానికి ఆ ప్రసాదం దారిబత్తెం కూడా అయి ఉంటుందని నాకు తోస్తుంది.

మధుమేహం గలవారికి ముఖ్య హెచ్చరిక

ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమిపిరైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రలు వాడేవారికి వ్యాయామ సమయంలో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. ఆ రాత్రి నిద్రలో సైతం పడిపోయే అవకాశం ఉన్నది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం బహుస్వల్పం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారు అన్నం పూర్తిగా మాని, చెమటతో నీరు కోల్పోయినప్పుడు, చక్కెర మరీ పెరగకుండానే రక్తంలో కీటోనులు పేరుకొని ప్రాణాపాయ స్థితి ఏర్పడవచ్చును. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం దాని గుర్తులు. అప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి.

కనుక ఇటువంటివారు దూరప్రయాణానికి ముందు తమ వైద్యుని సంప్రదించి మందు మోతాదును నిర్ణయించుకోవాలి. సొంతంగా మానడం, తగ్గించడం తగదు. ప్రయాణంలో చక్కెర పరికరం, గ్లూకోజు పొడి దగ్గర ఉంచుకోవాలి. చక్కెర 70కి దిగువకు పడితే 15 గ్రాముల గ్లూకోజు లేదా పంచదార నీటిలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. కోలుకొని, ఏదైనా తిన్నాకనే సైకిలెక్కాలి. స్పృహ తప్పినవాని నోట్లో ఏమీ పోయరాదు. ఒంటరిగా వెళ్ళరాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. బెల్లం పంచదారకంటే మంచిదనే నమ్మకంతో మధుమేహులు దానిని రోజూ తినడం సరికాదు. రక్తంలో చక్కెరను పెంచడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ భేదం లేదు. తేనె కూడా అంతే.

తరచుగా అడిగే సందేహాలు

పరగడుపున తొక్కితే కొవ్వు త్వరగా కరుగుతుందా? ఆ గంటలో కొవ్వు కొంత ఎక్కువగా ఖర్చవుతుంది, నిజమే. కాని వారాల తరబడి చూస్తే బరువు తగ్గడంలో పెద్ద తేడా కనబడదు. దినం మొత్తం మీద ఎంత తిన్నామన్నదే లెక్క. ఆరోగ్యవంతులు గంటలోపు మెల్లని సవారీని పరగడుపున చేయవచ్చును. నూరు కిలోమీటర్లను కాదు.

కొర్రలు, జొన్నలు మంచివా, తెల్లన్నం మంచిదా? ఇంటి దగ్గర ఉన్న దినాలలో పీచు ఎక్కువగా ఉన్న జొన్న, కొర్ర, సజ్జ మేలు. ప్రయాణానికి ముందు గంటలలో, దారిలో మాత్రం పీచు తక్కువై తేలికగా అరిగే తెల్లన్నం, అటుకులు, అరటిపండు మేలు. పీచు కడుపులో గడబిడ చేస్తుంది.

నీరు ఎంత ఎక్కువ తాగితే అంత మంచిదా? కాదు. గంటల తరబడి చెమట పట్టే వేళ ఉత్త నీరు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి, మగత, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కలుగుతాయి. దప్పికను అనుసరించి తాగండి. ఉప్పు కలిపిన మజ్జిగ, పైన చెప్పిన నిమ్మ బెల్లపు నీరు మధ్యమధ్య పుచ్చుకోండి. మూత్రపిండాల జబ్బు, గుండె నీరసం, అధిక రక్తపోటు గలవారు ఉప్పు, నీటి విషయంలో వైద్యుని మాట పాటించాలి.

కొత్త ఆహారాన్ని యాత్ర రోజునే ప్రయత్నించవచ్చునా? వద్దు. పేలపిండి పానకమైనా, మలీదైనా, ముందుగా ముప్పై నలభై కిలోమీటర్ల చిన్న సవారీలో పరీక్షించి, కడుపుకు సరిపడిన దానినే పెద్ద ప్రయాణానికి తీసుకువెళ్ళండి. ఎండకాలంలో పెరుగన్నం కొద్ది గంటలలోనే పులిసిపోతుంది. పులిహోర కొంత మేలు.

ఇంటి పెద్దలకు నా మనవి ఇది. ఇంట్లో ఎవరైనా దూరప్రయాణానికి సైకిలు తీస్తున్నారంటే చక్రాలలో గాలి ఎంత ఉన్నదో చూసినట్లే, రాత్రి ఏమి తిన్నారో, సంచిలో ఏమి పెట్టుకున్నారో, ఏ మందులు వాడుతున్నారో కూడా ఒకసారి అడగండి. అన్నం తగ్గించవలసినవారు కూర్చున్న దినాలలో తగ్గించుకోవచ్చును. తొక్కే దినాన మాత్రం కష్టానికి తగినంత అన్నం పెట్టి పంపండి.